చేతులు తిమ్మిరెక్కుతున్నాయని జెల్ గ్రిప్ కవర్లు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ముందు అసలు విషయం చెప్పేస్తా, కథ తర్వాత. బైకు హ్యాండిల్ గ్రిప్పుల మీద తొడగడానికి 'జెల్ కవర్లు' అని అమ్ముతున్నారు. నల్లగా, మెత్తగా, స్పాంజిలా ఉంటాయి. వాటిని కుడిచేతి వైపు, అంటే రేస్ తిప్పే వైపు, అస్సలు వేయించుకోకండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు ఇది చదవడం ఆపి బండి దగ్గరికి పోండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే రేస్ మొత్తం తిప్పి వదిలి చూడండి. టక్కున తనంతట తనే వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా ఆ కవర్ కోసి పారేయండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నాది విత్తనాల కంపెనీలో ఫీల్డ్ పని. ఇల్లు నల్లగొండలో, తిరుగుడు మాత్రం దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దాకా. నెలకు రెండు మూడుసార్లు జడ్చర్ల మీదుగా పాలమూరు కూడా. వానాకాలం పంటల ముందు రోజుకు నూట యాభై కిలోమీటర్లకు తగ్గదు. బండి 150 సీసీ, ఆరేళ్లది. పోయిన ఏడాది నుంచి చేతుల బాధ మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారేవి. ఎడమ చేతికి మణికట్టు పైన పోటు. చాయ్ గ్లాసు పట్టుకుంటే చేయి వణికేది. మా ఆవిడ 'షుగర్ చూపించుకో' అని ఒకటే పోరు. చూపించుకున్నా, లేదు. అంటే బండిదే తప్పు అనుకుని యాక్సెసరీస్ షాపుకు పోయా. నేను చేసిన మొదటి తప్పు అదే. పోవాల్సింది మెకానిక్ దగ్గరికి.

షాపు పేరు రాయను. ఊళ్లో అలాంటివి చాలా ఉన్నాయి, పేరు రాసి గొడవ పెట్టుకునే ఓపిక లేదు. అతను నా చేతులు చూడలేదు, బండి ఎక్కి కూర్చోమని అడగలేదు. 'అన్నా, ఇది అందరికీ ఉండే ప్రాబ్లమే, ఫుల్ కిట్ వేసుకో, లడఖ్ పోయేటోళ్లు గూడ ఇదే వేసుకుంటరు' అన్నాడు. జెల్ కవర్లు 650, హ్యాండిల్‌ను పైకి లేపే రైజర్ 1,400, జెల్ గ్లవ్స్ 1,150, ఫిట్టింగ్ 200. మొత్తం 3,400. ఫోన్‌లో కొట్టా. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రాసిచ్చాడు, కింద షాపు పేరు కూడా లేదు. నేనూ ఊరుకున్నా.

మొదటి వారం హాయిగానే ఉంది. అది నిజంగా హాయో, పెట్టిన డబ్బులు వేరేలా అనుకోనివ్వలేదో చెప్పలేను.

తర్వాత ఒక ఆదివారం మా ఆవిడను వెనక ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరాం. దేవరకొండ, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు దాకా ఏ ఇబ్బందీ లేదు. అడవిలో రోడ్డు బాగుంది, కోతులు తప్ప ట్రాఫిక్ కూడా లేదు. కానీ 65 దాటితే హ్యాండిల్ వణుకు మునుపటికంటే ఎక్కువైనట్టు అనిపిస్తోంది. కవర్ మెత్తగా ఉంది కదా, భ్రమేమో అనుకున్నా. దోమలపెంట దాటాక ఘాట్ దిగుతుంటే ఒక మలుపు ముందు రేస్ వదిలా. ఇంజిన్ మోత తగ్గలేదు. చేయి పూర్తిగా వదిలినా బండి తోసుకుపోతూనే ఉంది. క్లచ్ నొక్కితే ఇంజిన్ గీమని అరిచింది. వెనక నుంచి మా ఆవిడ నా భుజం ఎంత గట్టిగా పట్టిందంటే, గోళ్ల గుర్తులు రెండు రోజులు పోలేదు. ఎర్ర స్విచ్ నొక్కి ఇంజిన్ ఆపి, బ్రేకుల మీద పక్కకు తెచ్చా. అవతల లోయ. ఎంత లోతుందో నేను చూడలేదు, చూడాలనిపించలేదు.

దిగి చూస్తే సంగతి చిన్నది. ఎండకు, చెమటకు కవర్ జారి లోపలి వైపు జరిగింది. దాని అంచు స్విచ్చుల డబ్బాకు ఒత్తుకుని రేస్‌ను వెనక్కి రానివ్వడం లేదు. కేబుల్ బాగానే ఉంది, స్ప్రింగూ బాగానే ఉంది. రబ్బరు ముక్క ఒక్కటే అడ్డం. పర్సులో ఉన్న చిన్న కత్తితో అక్కడే కోసేశా. కింద పాత గ్రిప్ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని పట్టుకునే శ్రీశైలం పోయి, తిరిగి ఇంటికొచ్చా.

మన ఎండల సంగతి మీకు చెప్పాలా? మేలో బయట ఆపిన బండి గ్రిప్ ముట్టుకుంటే చుర్రుమంటుంది. అలాంటి వేడిలో జిగురు లేకుండా ఉత్త సాగే గుణం మీద నిలబడే తొడుగు జారక ఏం చేస్తుంది? వానలో అయితే స్పాంజి నీళ్లు పీల్చి, పిండిన బట్ట పట్టుకున్నట్టు ఉంటుంది. ఇంకో మాట, లావు గ్రిప్ అంటే అందరికీ సుఖం కాదు. చిన్న చేతులవాళ్లకు గ్రిప్ లావైతే వేళ్లు పూర్తిగా చుట్టుకోవు. జారుతుందేమోనని ఇంకా బిగించి పడతాం, దాంతో ముంజేయి ఇంకా తొందరగా అలిసిపోతుంది.

మరుసటి రోజు మిర్యాలగూడ రోడ్డులో మాకు తెలిసిన ముసలి మెకానిక్ కాకా దగ్గరికి పోయా. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, హ్యాండిల్ చివరలు పట్టుకుని నవ్వాడు. 'దీని గుండ్లు ఏమైనయ్ రా?' అన్నాడు. హ్యాండిల్ రెండు చివర్లలో కంపెనీ వాళ్లు పెట్టే బరువైన ఇనుప గుండ్లు ఉంటాయి కదా, అవి ఊరికే అందానికి కాదు. ఒక్క సిలిండర్ ఇంజిన్ వణుకు ఏదో ఒక స్పీడులో హ్యాండిల్ సహజ వణుకుతో కలిసి, గుడి గంట మోగినట్టు అక్కడ పెద్దదవుతుంది. చివర్లో బరువు పెడితే ఆ కలిసే స్పీడు మారుతుంది, మనం రోజూ నడిపే స్పీడులో వణుకు తగ్గుతుంది. షాపువాడు కవర్లు తొడగడానికి ఆ గుండ్లు విప్పి, బదులుగా తేలికపాటి అల్యూమినియం బిళ్లలు బిగించాడు, ఎర్ర రంగువి. నేనేమో ఫ్రీగా ఇచ్చాడనుకుని మురిసిపోయా. అంటే వణుకు తగ్గించడానికి డబ్బిచ్చి వణుకు పెంచుకున్నానన్నమాట.

రైజర్ సంగతి ఇంకా అన్యాయం. హ్యాండిల్ అంగుళంన్నర పైకి లేచింది, కేబుళ్లు మాత్రం పాతవే. కాకా ఇంజిన్ ఆన్ చేసి బండిని నిలబెట్టి హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పాడు. ఐడ్లింగ్ దానంతటదే పెరిగింది. రేస్ కేబుల్ లాక్కుపోతోంది! ఊళ్లో యూటర్న్ తీసుకునేటప్పుడు బండి ఎందుకు ముందుకు దూకుతోందో అప్పుడు అర్థమైంది. ముందు డిస్క్ బ్రేక్ పైపు కూడా బిగుసుకుని ఉంది. రైజర్ వేస్తే కేబుళ్లు, బ్రేక్ పైపు సరిపడా పొడవున్నవి మార్చాలి, లేదా వాటి దారి మార్చి కట్టాలి. ఆ మాట అమ్మినవాడు చెప్పాలి కదా. రైజర్ చెడ్డదని అనను. పొడుగు మనుషులకు, ముందుకు వంగి నడపాల్సిన బండ్లకు అది పనికొస్తుంది. ఎవరైనా మీ బండికి బిగిస్తే మాత్రం డబ్బులిచ్చే ముందు అక్కడే, ఇంజిన్ ఆన్‌లో, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. మోత మారకూడదు.

గ్లవ్స్‌లో జెల్ అరచేతి మధ్యలో పెట్టారు. గ్రిప్ ఒత్తేది బొటనవేలి మొదట్లో, ఇంకా చిటికెన వేలి కింద మణికట్టు దగ్గరుండే దిమ్మ మీద. మధ్యలో మెత్తటి గుట్ట ఉంటే గ్రిప్ ఇంకా లావైనట్టే. లోపల కుట్లు వేళ్ల సందుల్లో కోసేవి. కొనేముందు వేసుకుని పిడికిలి బిగించి చూసుంటే అక్కడే తెలిసేది.

మరి అసలు నొప్పికి కారణమేంటి? కాకా పావుగంటలో చెప్పాడు. క్లచ్ కేబుల్ ఆరేళ్లుగా నూనె చూడలేదు, లోపల రెండు పోగులు కూడా తెగాయి. లివర్ నొక్కితే జిమ్ సామానులా ఉంది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయేసరికి స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, అన్నింటికీ క్లచ్చే. ఎడమ మణికట్టు పోటెత్తక ఏం చేస్తుంది? కొత్త కేబుల్, మజూరీ కలిపి 350 అయింది. లివర్లో ఆట, అంటే కేబుల్‌ను లాగకముందు లివర్ ఊరికే కదిలే దూరం, అదీ సరిచేశాడు. మామూలు బండ్లకు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో రాసుంటుంది.

తర్వాత నన్ను బండి మీద కూర్చోబెట్టి, ఎప్పుడూ నడిపేటట్టే చేతులు పెట్టమన్నాడు. లివర్లు రెండూ నేలకు సమాంతరంగా ఉన్నాయి. వాటి మీద వేళ్లు పెట్టాలంటే మణికట్టు వెనక్కి విరగాలి. పానా తీసి రెండు లివర్లనూ కొంచెం కిందికి వంచాడు. ఇప్పుడు మోచేయి నుంచి వేళ్ల కణుపుల దాకా ఒకే గీత. రెండు బోల్టుల పని, పైసా తీసుకోలేదు. అన్నింటికంటే ఎక్కువ సుఖం దాంతోనే వచ్చింది. నా పాత గుండ్లు షాపులోనే పోయాయి కాబట్టి షోరూంలో కొత్తవి కొని పెట్టించా. ఇంజిన్ బిగించే బోల్టుల్లో ఒకటి వదులైందని అదీ బిగించాడు.

డాక్టర్ మాట కూడా చెప్పాలి. చిటికెన వేలు, ఉంగరం వేలిలో సగం మొద్దుబారితే అరచేతి అంచు దగ్గరో మోచేతి దగ్గరో పోయే అల్నార్ నరం ఒత్తుకుంటోందని అర్థమట. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే మణికట్టు మధ్య సన్నటి సందులో పోయే మీడియన్ నరం. ఆ సందునే కార్పల్ టన్నెల్ అంటారు. రాత్రి నిద్రలో తిమ్మిరికి మెలకువ వచ్చి చేయి విదిలించుకోవాల్సి వస్తున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా గ్రిప్పులు మారుస్తూ కూర్చోకుండా ముందు చూపించుకోండి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఇది బండి నడపకపోయినా రావచ్చు. మా ఆవిడ పోరు పెట్టింది ఊరికే కాదు, ఒప్పుకుంటా.

నాకు ఇంకో అలవాటు కూడా ఉందని డాక్టర్ గదిలోనే బయటపడింది. హ్యాండిల్‌ను ఆవు పగ్గంలా బిగించి పడతానట. ఒంటి బరువంతా చేతుల మీదే వేస్తానట. బరువు నడుము, తొడలు మోయాలి, మోకాళ్లతో ట్యాంక్‌ను పట్టాలి, చేతులు వదులుగా ఉండాలి. చెప్పినంత తేలిక కాదు. నేను మోచేతులు కోడి రెక్కల్లా ఆడించి చూసుకుంటా, ఆడితే వదులుగా ఉన్నట్టు. గంటకోసారి ఆగుతున్నా. కల్వకుర్తి రూట్‌లో అయితే ఎలాగూ చాయ్‌కి ఆగేదే.

ఒక తమ్ముడు రేస్ గ్రిప్‌కు తగిలించే ప్లాస్టిక్ రెక్క వేసుకోమన్నాడు. అరచేత్తో ఒత్తితే చాలు, వేళ్లకు పని ఉండదు. హైవే మీద ఖాళీ రోడ్డులో సుఖమే కావచ్చు. కానీ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో, బ్రేక్ నొక్కబోతూ అరచేయి దాని మీద పడితే బండి దూకుతుంది. ఘాట్ తర్వాత నాకైతే ధైర్యం లేదు.

ఇక డబ్బుల సంగతి. షాపుకు పోతే గోడ మీద బోర్డు చూపించాడు, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని. బోర్డు పెట్టినంత మాత్రాన అది చట్టం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కిందికి వస్తుంది. నేను 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి వివరాలు చెప్పా. ఫోన్ పేమెంట్ స్క్రీన్‌షాట్, తెల్ల చీటీ ఫోటో, కోసేసిన కవర్ ఫోటో దాచిపెట్టుకున్నా. కవర్ ముక్కను కోపంలో అడవిలో పారేయకుండా ఇంటికి తేవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు కేసు ఫీజు కూడా లేదని తెలుసుకుని, ఆ మాట షాపులో చెప్పా. గొంతు పెంచలేదు.

రైజర్ విప్పించుకుని 1,400 వెనక్కి ఇచ్చాడు. కవర్లకు, గ్లవ్స్‌కు ఇవ్వలేదు, 'వాడిన సామాను అన్నా, నేనెవరికి అమ్మాలె' అన్నాడు. నా గుండ్లు ఏమయ్యాయో అతనికి గుర్తు లేదట. నాకున్న పనిలో అక్కడితో వదిలేశా. వదలకుండా పోరాడినవాళ్లు ఉంటే ఎలా చేశారో కింద రాయండి, పనికొస్తుంది.

ఇప్పుడు నాలుగు నెలలైంది. మణికట్టు పోటు పోయింది. చిటికెన వేలు మాత్రం పాలమూరు పోయి వచ్చిన రోజు కాస్త గుర్తుచేస్తుంది. గ్లవ్స్ మా బాపు తీసుకున్నాడు, పొలం గట్టు మీద ముళ్లకంప కొట్టడానికి. బాగున్నాయట.