కాలిఫోర్నియా అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సర్వీస్: ఫ్రీగా అయ్యే పనికి కమీషన్ ఇవ్వకండి

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంటున్నవాళ్ళూ, ఒకప్పుడు ఉండి టెక్సస్‌కో ఇండియాకో వెళ్ళిపోయినవాళ్ళూ ఒకసారి వాడి చూడాల్సిన సర్వీస్ ఇది, మర్చిపోయిన మన డబ్బు తిరిగి ఇస్తారు. నడిపేది స్టేట్ కంట్రోలర్ ఆఫీసు (రాష్ట్ర ప్రభుత్వ డబ్బు లెక్కలు చూసేది), సైట్ క్లెయిమ్‌ఇట్ డాట్ సీఏ డాట్ గవ్. మన డబ్బు ఎక్కడైనా ఉండిపోయి, మామూలుగా మూడేళ్ళు మన నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే (రావాల్సిన జీతం అయితే ఏడాదే) ఆ బ్యాంకో కంపెనీయో దాన్ని రాష్ట్రానికి అప్పజెప్పాలి. 1959 నాటి చట్టం. ఇక్కడి పాలో ఆల్టో ఊళ్ళో హెచ్‌పీ కంపెనీ పెట్టిన హ్యూలెట్, ప్యాకార్డ్ పని మొదలెట్టిన గరాజ్‌కి చారిత్రక స్థలమని ఫలకం పెట్టారు, ఈ చుట్టుపక్కల కదలకుండా ఉన్నది అదొక్కటే అనిపిస్తుంది, మనమేమో ఉద్యోగం మారినప్పుడల్లా ఇల్లు మారుస్తాం, చెక్కులు పాత అడ్రస్‌కే పోతుంటాయి.

నాకు దొరికింది పాత అపార్ట్‌మెంట్ డిపాజిట్‌లో మిగిలిన 212 డాలర్లు. పేరు మామూలుగా కొడితే ఏమీ రాలేదు. ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలో, అసలు పేరు లాస్ట్ నేమ్ గడిలో వేస్తే వచ్చింది, అదీ చివరి రెండక్షరాలు ఎగిరిపోయి! పక్కన పాత అడ్రస్ కనబడ్డాక నాదేనని ఖాయమైంది. అందుకే మన పేర్లు తిరగేసి, ఇనీషియల్స్‌తో, పెళ్ళికి ముందు పేరుతో, అన్ని రకాలుగా వెతకండి.

క్లెయిమ్ పెట్టడం పెద్ద పనేం కాదు. చిన్న మొత్తమైతే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, లేకపోతే ఐడీ, పాత అడ్రస్‌కి ఏదో ఒక రుజువు అడుగుతారు. పాత డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల కాగితాలు) పారేయకండి. నాకు చెక్కు త్వరగానే వచ్చింది గానీ, చట్టప్రకారం వాళ్ళకి 180 రోజుల దాకా టైం ఉంది. వడ్డీ మాత్రం ఇవ్వరు. పాత కంపెనీ షేర్లు మర్చిపోయినవాళ్ళు ఇంకా తొందరపడాలి, ఎందుకంటే రాష్ట్రం చేతికి వెళ్ళిన షేర్లని కొన్నాళ్ళకి అమ్మేస్తారు, ఆ తర్వాత అడిగితే అమ్మిన రోజు ధరే మనది.

"మీ డబ్బు మేం ఇప్పిస్తాం" అని ఒక ఏజెంట్ నుంచి నాకు ఉత్తరం కూడా వచ్చింది. ఇలాంటివాళ్ళు పది శాతం దాకా తీసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది, మోసమని అనను. కానీ పైసా ఖర్చు లేకుండా మనమే చేసుకోగలిగినదానికి వాళ్ళకెందుకివ్వాలి?

ఒక్క స్టార్ తగ్గించింది ఎందుకంటే, అంతా ఒకేచోట దొరకదు. కౌంటీలు, సిటీల దగ్గర పడున్న రిఫండ్లు, పాత చెక్కులు ఇందులో రావు, వాళ్ళ సైట్లు విడిగా చూడాలి. రాష్ట్రం దగ్గరున్న డబ్బుకి గడువంటూ లేదు, ఎప్పుడైనా అడగొచ్చు. లోకల్ ఆఫీసుల దగ్గర అలా కాదు, మూడేళ్ళు దాటాక పేపర్లో ప్రకటన ఇచ్చి, ఎవరూ రాకపోతే సొంతం చేసుకోవచ్చు. కాబట్టి ముందు కౌంటీ లిస్టు చూసి, తర్వాత దీనికి రండి.

5కి 4.