పూల్‌కి ఉప్పు యంత్రం కొంటున్నారా? బస్తా విప్పేముందు నీళ్లు పరీక్ష చేయించండి

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉండి, దానికి సాల్ట్ క్లోరినేటర్ పెట్టిద్దామని చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. మన డెల్టాలో బోరు నీళ్ల మీద నడిచే పూల్ అయితే తప్పకుండా చదవండి. నాకు లక్షా పదివేలు, ఒక సంక్రాంతి పోయాయి.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఆరేళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు పెరట్లో కొబ్బరి చెట్ల వారన చిన్న పూల్ కట్టించాను. 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. అంటే సుమారు 43 వేల లీటర్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది. ఇన్నాళ్లూ క్లోరిన్ బిళ్లలతో, అప్పుడప్పుడు లిక్విడ్ క్లోరిన్‌తో నెట్టుకొచ్చాం. మనవలకు కళ్లు మండుతున్నాయని పెద్దమ్మాయి, తువ్వాళ్లు రంగు పోతున్నాయని మా ఆవిడ గోల. దానికి తోడు చిన్నమ్మాయికి పెళ్లయ్యాక వచ్చే మొదటి పండగ. కొత్త అల్లుడు వస్తున్నాడంటే మన గోదావరి జిల్లాల్లో హడావుడి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వంటకాల లెక్క మా ఆవిడ తీసుకుంది, పూల్ నా నెత్తిన పడింది.

యంత్రం అమ్మినాయన మాట తీరు చాలా బాగుంటుంది. "ఇక క్లోరిన్ లేని పూల్ సార్ మీది. ఉప్పు పోసేసి మర్చిపోవడమే. మందులు కొనే పనే లేదు" అన్నాడు. ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ నిజం కాదని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ యంత్రం చేసే పనే క్లోరిన్ తయారుచేయడం. ఉప్పు కలిసిన నీళ్లు యంత్రంలో సెల్ అనే భాగంలో ఉన్న టైటానియం ప్లేట్ల మధ్య నుంచి పోతుంటే కరెంటు ఆ ఉప్పును విడగొట్టి క్లోరిన్ పుట్టిస్తుంది. క్లోరిన్ తన పని ముగించాక మళ్లీ ఉప్పుగా మారిపోతుంది. అందుకే ఉప్పు ఖర్చవదు, చిందిపోయిన నీళ్లతో, ఫిల్టర్ కడిగినప్పుడు పోయే నీళ్లతో, వానకు పొర్లిపోయిన నీళ్లతో మాత్రమే పోతుంది. యంత్రం మంచిదే. నా గొడవ యంత్రంతో కాదు, నీళ్లు చూడకుండా దాన్ని బిగించి వెళ్లినవాళ్లతో.

డిసెంబర్ మూడోవారంలో ఇద్దరు కుర్రాళ్లను పంపాడు. 25 కిలోల బస్తాలు ఆరు దించారు. బస్తా మూతి కోయగానే చూశాను, మామూలు కళ్లుప్పు. ఆవకాయకు మా అమ్మ ఎండలో ఆరబెట్టి చెరిగేది, అదే ఉప్పు. అరచేతిలో వేసుకుని నలిపితే బూడిదరంగు మట్టి అంటుకుంది. పూల్‌కి వేసే ఉప్పు 99 శాతానికి పైగా శుద్ధమైంది కావాలని, అయోడిన్ గానీ గడ్డకట్టకుండా కలిపే మందులు గానీ ఉండకూడదని తర్వాత కంపెనీ పుస్తకంలోనే చదివాను. ఆ కుర్రాళ్లు ఆరు బస్తాలూ ఒకే మూల గుమ్మరించి, అది కరగకముందే యంత్రం స్విచ్ వేశారు. ముందు మోటారు ఒక్కటే ఒక రోజంతా తిప్పి, ఉప్పు పూర్తిగా కలిశాక సెల్ ఆన్ చేయాలట. పూల్ అడుగున తెల్లటి దిబ్బ రెండు రోజులు అలాగే కనిపించింది. మనవడు దాన్ని చూసి ఇసుక మేట వేసిందన్నాడు.

మూడో రోజు కంట్రోలర్ మీద ఎర్ర లైటు. ఉప్పు ఎక్కువైందని చెప్పి యంత్రం తనంతట తానే ఆగిపోయింది. ఫోన్ చేస్తే "అదేం పర్లేదు సార్, సర్దుకుంటుంది" అన్నాడు. ఉప్పు ఎక్కడికి పోయి సర్దుకుంటుంది? వారం తిరిగేసరికి నీళ్లు పలచని పచ్చగా తిరిగాయి. మెట్ల దగ్గర గోడ చేత్తో రాస్తే జారుతోంది.

అప్పుడు నాకు ముందే తట్టాల్సిన ఆలోచన తట్టింది. మన ఊళ్లలో నీళ్ల పరీక్షకు కరువేముంది, వీధికో ఆక్వా ల్యాబ్ ఉంది. లీటరు సీసాలో పూల్ నీళ్లు, ఇంకో సీసాలో బోరు నీళ్లు పట్టుకెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు మామూలుగానే "రొయ్యా, చేపా అండి?" అని అడిగాడు. స్విమ్మింగ్ పూల్ అన్నాను. ఒకసారి నా మొహం చూసి రాసుకున్నాడు. గంటలో కాగితం చేతిలో పెట్టాడు. పూల్‌లో సెలినిటీ ఐదున్నర, అంటే లీటరుకు 5.5 గ్రాములు, 5,500 పీపీఎం. హార్డ్‌నెస్, అంటే నీళ్ల గట్టిదనం, 600. పీహెచ్ 8.4. క్లోరిన్ సున్నా. "క్లోరిన్ లేదు కాబట్టి రొయ్య సీడ్ పోసేసుకోవచ్చండి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మాత్రం పడీపడీ నవ్వింది.

అసలు సంగతి ఇదీ. ఈ యంత్రాలకు సాధారణంగా 3,000 నుంచి 4,000 పీపీఎం ఉప్పు కావాలి. సముద్రం నీళ్లలో సుమారు 35,000 ఉంటుంది కాబట్టి ఇది అందులో పదో వంతే. మా 43 వేల లీటర్లకు 3,500 రావాలంటే 150 కిలోలు, సరిగ్గా ఆరు బస్తాలు. ఆయన లెక్కలో తప్పులేదు, కాకపోతే నీళ్లలో అప్పటికి ఉప్పు సున్నా అనుకుని వేసిన లెక్క అది. మన డెల్టాలో అలాంటి బోరు ఎక్కడుంది? సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూమిలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. మా బోరు నీళ్లే 1,200 ఉన్నాయి. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది, మళ్లీ బోరు వేసి నింపుతాం, మళ్లీ ఆవిరి. ఆరేళ్లుగా పోసిన లిక్విడ్ క్లోరిన్ కూడా చివరికి ఉప్పుగానే మిగిలింది. అలా పూల్‌లో ముందే 2,000 పైన చేరి ఉంది. దాని మీద 3,500 తెచ్చి పోశారు. నిజానికి నాకు కావాల్సింది రెండు బస్తాల పైచిలుకు. ఒక్క సీసా నీళ్లు ముందే పరీక్ష చేయించి ఉంటే రెండు వందల్లో తేలిపోయేది.

నీళ్లలో ఎక్కువైన ఉప్పును తగ్గించే మందు లేదు. కొన్ని నీళ్లు తోడేసి మంచినీళ్లు పోయడమొక్కటే దారి. లెక్క వేస్తే పూల్‌లో నలభై శాతం, 17 వేల లీటర్లు తీసేయాలి. ఎక్కడికి వదలాలి? మా ఇంటి వెనక చేలకు నీళ్లు పారే బోదె ఉంది, అందులోకి పైపు వేయించబోయాను. పక్క చేను రైతు పరుగున వచ్చాడు. అది దాళ్వా (రెండో పంట) వరి ఊడ్పుల సమయం. "ఉప్పునీళ్లు చేలోకొస్తే నాట్లేమైపోతాయండి? రొయ్యల చెరువులతో పడుతున్నది చాలదా?" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. సిగ్గుపడి, అద్దె పైపులు తెచ్చి రోడ్డవతల మురుగు కాలవ దాకా వేయించాను. తర్వాత నాలుగు ట్యాంకర్ల కాలవ నీళ్లు. దాంతో ఉప్పు 3,400కు, హార్డ్‌నెస్ 400కు దిగాయి. భోగి ముందు రోజు రాత్రి పదకొండింటికి ఆఖరి ట్యాంకర్ వచ్చింది.

అప్పటికీ క్లోరిన్ సరిగ్గా రాలేదు. యంత్రం బిగించిన కుర్రాళ్లలో ఒకడు మళ్లీ వచ్చి సెల్ విప్పాడు. ప్లేట్ల సందుల్లో తెల్లగా సున్నం పేరుకుపోయి ఉంది, మన గీజర్ రాడ్‌కి కడుతుందే, అచ్చం అలాగే. గట్టినీళ్లు, పీహెచ్ పెరగడం రెండూ కలిస్తే ఇదే జరుగుతుంది. ఈ యంత్రం ఉన్న పూల్‌లో పీహెచ్ పైకి పోతూనే ఉంటుంది, వారం వారం కొలిచి కాస్త యాసిడ్ పోయాల్సిందే. మందులే అక్కర్లేదన్న మాట అలా తేలిపోయింది. సరే, ఆ సున్నం తీయడానికి నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు మ్యురియాటిక్ యాసిడ్ కలిపి కాసేపు ఉంచితే చాలు (నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు). మనవాడు ఏం చేశాడంటే, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గీకడం మొదలుపెట్టాడు. కరకరమని చప్పుడు. నేను అరిచేలోపు మూడు ప్లేట్లు అయిపోయాయి. ఆ ప్లేట్ల మీద రుథీనియం, ఇరిడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. సెల్ ప్రాణమంతా ఆ పూతే. సరిగ్గా చూసుకుంటే ఐదారేళ్లు రావాల్సింది, మాది ఐదారు వారాలు కూడా రాలేదు.

అన్నిటికన్నా భయపెట్టిన సంగతి మా ఊరి ఎలక్ట్రీషియన్ బయటపెట్టాడు. పైపులో నీళ్లు కదలకపోతే సెల్‌ని ఆపేయడానికి ఫ్లో స్విచ్ అని ఒకటి ఉంటుంది. దాని రెండు వైర్లూ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేసి ఉంది. అస్తమానం ఆగిపోతోందని చెప్పి దాన్ని తప్పించేశారు. పైగా యంత్రానికి కరెంటు మోటారుతో కలపకుండా విడిగా ఇచ్చారు. అంటే మోటారు ఆగినా సెల్ నడుస్తూనే ఉంటుంది. క్లోరిన్‌తో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. నీళ్లు కదులుతుంటే అది కొట్టుకుపోతుంది, ఆగిన పైపులో అయితే పోగుపడుతుంది. అది పేలే గ్యాస్. పిల్లలు ఆడుకునే చోట పెట్టారు దాన్ని. మీకు ఇప్పటికే బిగించి ఉంటే, ఈ రోజే మోటారు ఆపి చూడండి. కంట్రోలర్ కూడా వెంటనే క్లోరిన్ తయారీ ఆపేయాలి. ఆపకపోతే మెయిన్ తీసేసి, తెలిసినవాణ్ణి పిలవండి. ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

సైజు విషయంలోనూ మోసపోయాను. డబ్బా మీద "60 వేల లీటర్ల వరకు" అని పెద్దక్షరాలతో ఉంటే చాలనుకున్నాను. చూడాల్సింది గంటకు ఎన్ని గ్రాముల క్లోరిన్ తయారుచేస్తుంది అన్నది. నాకిచ్చింది 12 గ్రాములది. ఎండాకాలంలో రోజుకు 3 పీపీఎం క్లోరిన్ ఖర్చయిందనుకోండి, మా పూల్‌కి దాదాపు 130 గ్రాములు కావాలి. అంటే మోటారు రోజుకు 11 గంటలు తిరగాలి. నేను అంతకుముందు నాలుగు గంటలు తిప్పేవాణ్ణి. కరెంటు బిల్లు, కరెంటు కోతలు రెండూ మీ లెక్కలో వేసుకోండి. నా పూల్‌కి కనీసం 20 గ్రాములది కావాల్సింది.

పాత పూల్‌కి పెట్టేటప్పుడు చుట్టూ ఏముందో కూడా చూడాలి. మా స్టీలు నిచ్చెన 304 రకం. నీటిమట్టం తగిలే చోట అప్పుడే చిన్న చిన్న తుప్పు చుక్కలు తేలాయి. ఉప్పు నీళ్లకు 316 వాడతారట. గట్టు మీద పరిచిన నాపరాయికి చిందిన నీళ్లు ఆరి తెల్లగా పొక్కు లేస్తోంది. రోజూ మంచినీళ్లతో కడిగిస్తే కొంత నయం.

వారంటీ అడిగితే యంత్రం అమ్మినాయన "నీళ్లు పరిమితుల్లో లేవు కాబట్టి వర్తించదు" అన్నాడు. కార్డు వెనక నిజంగానే ఉంది, హార్డ్‌నెస్ 400 దాటకూడదని. ఆ నీళ్లు చూడకుండా బిగించింది ఎవరు, ప్లేట్లు గీకింది ఎవరు అంటే జవాబు లేదు. కొత్త సెల్‌కి యంత్రం ధరలో సగం పైనే చెప్పాడు. నా దగ్గరున్నది లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిన కాగితం. జీఎస్టీ నంబర్ లేదు, సెల్ సీరియల్ నంబర్ లేదు. ఇది నా తప్పే, పండగ తొందరలో అడగలేదు. మీరు మాత్రం బిల్లు మీద ఆ రెండూ, గంటకు ఎన్ని గ్రాములో, బిగించే బాధ్యత ఎవరిదో రాయించుకున్నాకే డబ్బులివ్వండి. నీళ్ల రిపోర్టు కాపీ మీద ఆయన చేత సంతకం పెట్టించుకుంటే ఇంకా మంచిది. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. ఫోటోలు, ల్యాబ్ కాగితం, ట్యాంకర్ల రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచాను.

పండగ మూడు రోజులూ పూల్ చుట్టూ తాడు కట్టి ఉంచాం. అల్లుడు మంచివాడు, ఏమీ అనలేదు. కనుమ నాడు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇది చెరువుగా బాగుంది మావయ్యా" అన్నాడంతే. ప్రస్తుతం సెల్ తీయించి ఆ చోట ముక్క పైపు వేయించాను, మళ్లీ లిక్విడ్ క్లోరినే పోస్తున్నాం. వానలకు ఉప్పు పలచబడితే వేసుకోమని ఆయన అదనంగా అంటగట్టిన రెండు బస్తాలు మోటారు గదిలో చెమ్మ పట్టి రాయిలా అయిపోతుంటే, మొన్న పగలగొట్టించి కొబ్బరి చెట్ల మొదళ్లలో వేయించాను.