పెద్దవాళ్లతో కింగ్‌స్టన్

టొరంటో చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇళ్లకి ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారంటే ముందు నయాగరా, ఆ తర్వాత ఆటవా, మాంట్రియల్. 401 హైవే మీద పోతూ సగం దారిలో కింగ్‌స్టన్ దగ్గర కాఫీకి ఆగుతారు, ఊళ్లోకి మాత్రం దిగరు. ఈ వేసవిలో అత్తయ్యగారు, మావయ్యగారు, పిల్లలతో మేం ఆ ఊరికే వెళ్లి అక్కడే ఉన్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ, ఒక్కచోట కూర్చోలేని పిల్లలూ ఒకే కారులో ఉంటే ఒంటారియోలో ఇంతకన్నా సుఖమైన ఊరు నాకు తెలియదు.

టొరంటో నుంచి సుమారు 260 కిలోమీటర్లు. ఒంటారియో సరస్సు ముగిసి సెయింట్ లారెన్స్ నది మొదలయ్యేది ఇక్కడే. 1841 నుంచి 1844 దాకా అప్పటి కెనడా ప్రావిన్స్‌కి ఇది రాజధాని. ఆ హోదాకి తగ్గట్టు కట్టిన సున్నపురాయి సిటీ హాల్ ఇప్పటికీ సరస్సు వైపు చూస్తూ నిలబడి ఉంది. ముందు పార్కు, పడవల రేవు. వెనక మంగళ, గురు, శని వారాల్లో సంత. చూడాల్సినవి చాలావరకు ఆ నాలుగు వీధుల్లోనే ఉన్నాయి కాబట్టి అత్తయ్యగారు బెంచీ బెంచీకీ ఆగుతూనే అన్నీ చూశారు.

బస విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను. నీటి ఒడ్డున హోటల్ తీసుకుంటే 'లేక్ వ్యూ' గదికి అదనంగా కట్టే ముందు ఫోన్ చేసి ఏ అంతస్తో, కిటికీ ఎటు ఉందో అడగండి. మాకిచ్చిన గదిలోంచి కనిపించింది ఎక్కువగా కార్ల పార్కింగే. ఆ పార్కింగుకి కూడా రోజువారీ వేరే రుసుం, వీటన్నిటి మీద 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అమ్మకం పన్ను), ఊరి బస పన్ను. గది శుభ్రంగానే ఉంది, లిఫ్టు ఉంది, ఫ్రిజ్ ఉంది. ఆ ధరకి మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. 401 పక్కన ఉండే మోటళ్లు చవక, కానీ అక్కడుంటే ప్రతిదానికీ కారు తీయాలి. కుర్రవాళ్లయితే క్వీన్స్ యూనివర్సిటీ వేసవిలో అద్దెకిచ్చే హాస్టల్ గదులు చూసుకోవచ్చు.

ఇక ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చింది వుల్ఫ్ ఐలాండ్ ఫెర్రీ. పైసా టికెట్ లేదు, ప్రభుత్వమే నడుపుతుంది. సిటీ హాల్ నుంచి నాలుగడుగులు వేస్తే రేవు. కార్లు, లారీలు కింద ఎక్కుతుంటే మావయ్యగారు రెయిలింగ్ పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డారు. ఆయనది నర్సాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు మీద వసిష్ఠ గోదావరి దాటుతూ పెరిగిన మనిషి. "ఇది మన పంటేనమ్మా, కాస్త పెద్దది" అన్నారు. అంతే, డెక్కు మీద పనిచేసే కుర్రాడి దగ్గరికి వెళ్లి లారీని ముందు ఎందుకు ఎక్కించారు, బరువు ఎలా సర్దుతారు అని సైగలతో, వచ్చిన ఇంగ్లీషుతో అడగడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి కూడా ఓపిగ్గా చెప్పాడు. కెనడా వచ్చాక ఆయన ఒక తెలియని మనిషితో అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే చూశాను. దీవి మీద 86 గాలిమరలు, పొలాలు, దిగేచోట మేరీస్‌విల్ అనే చిన్న ఊరు. ఐస్‌క్రీమ్ తిని తిరిగొచ్చాం. కారు ఇవతలే వదిలేసి నడిచి ఎక్కండి. వారాంతంలో కార్ల వరస చాలా పొడుగు.

ఫోర్ట్ హెన్రీకి టికెట్ ఉంది, కానీ పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. 1830లలో కట్టిన కోట, ఆటవా నుంచి కింగ్‌స్టన్ దాకా ఉన్న రిడో కాలువతో కలిపి 2007లో యునెస్కో జాబితాకెక్కింది. 1860ల నాటి బ్రిటిష్ సైనికుల దుస్తుల్లో కవాతు చేస్తారు. డేవిడ్ అనే తెల్ల మేక ఆ దళానికి గుర్తు. పిల్లలు దాన్ని వదిలి రానన్నారు. కోట గుట్ట మీద ఉంది, లోపలి ఆవరణలో నీడ తక్కువ. పెద్దవాళ్లుంటే పొద్దున్నే వెళ్లడం మేలు.

సెయింట్ లారెన్స్ నదిలోని దీవుల గుంపు థౌజండ్ ఐలాండ్స్. అక్కడి పడవ షికారుకి నా ఓటు కింగ్‌స్టన్‌కి కాదు, అరగంట దూరంలో ఉన్న గననోక్‌కి. మొత్తం 1,864 దీవులంటారు. గుంపులుగా కనబడేది అటువైపే. బుక్ చేసేటప్పుడు ఒకటి చూసుకోండి. బోల్ట్ క్యాజిల్ ఉన్న హార్ట్ ఐలాండ్ అమెరికాది. అక్కడ దిగే షికారుకి మన ఇండియన్ పాస్‌పోర్టు మీద అమెరికా వీసా కావాలి, కెనడా విజిటర్ వీసా ఒక్కటే ఉంటే దిగనివ్వరు. దిగకుండా పక్కనుంచి చూపించే పడవలున్నాయి, మేం అదే ఎక్కాం. భార్య కోసం కట్టిస్తున్న ఆ కోటని, 1904లో ఆమె పోగానే హోటళ్ల యజమాని జార్జ్ బోల్ట్ అర్ధాంతరంగా ఆపేశాడని మైకులో చెప్తుంటే అత్తయ్యగారికి కళ్లు చెమర్చాయి.

ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఇండియన్ భోజనం దొరుకుతుంది, మన రుచి ఆశించకండి. పులిహోర, పెరుగు, ఆవకాయ వెంట ఉంచుకుంటే రెండు పూటలు నిశ్చింత. 2013లో మూసేసిన కింగ్‌స్టన్ పెనిటెన్షరీ జైలు టూర్ చిన్నపిల్లలతో వద్దు, అది పెద్దయ్యాక చూడాల్సింది. రైల్లో వచ్చేవాళ్లు స్టేషన్ నుంచి సరస్సు దాకా టాక్సీ ఖర్చు కలుపుకోండి; స్టేషన్ ఊరికి దూరం.