వెళ్లిన పెట్టెలే తిరిగి వస్తాయి: రత్నాచల్‌తో పదకొండేళ్లు

విజయవాడలో ఉద్యోగం, అనకాపల్లిలో నాన్నగారు. పదకొండేళ్లుగా నెలకు రెండుసార్లయినా రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. వేళలు, ఆగే స్టేషన్లు ఈ దారిలో తిరిగేవారికి కంఠతా వచ్చినవే కనుక వాటి జోలికి పోను. పొద్దున్నే విజయవాడలో బయలుదేరిన పెట్టెలే మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి వెనక్కి మళ్లుతాయన్న ఒక్క సంగతి గురించే రాస్తాను. ఆ ఏర్పాటు నాకెంత మేలు చేసిందో ఇప్పటికీ మరచిపోలేను.

నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కు ముందు, ఆయన ఎక్స్‌రేలు, స్కానింగు ఫిల్ములు విజయవాడలో మరో డాక్టరుకు చూపించి వెనక్కి తీసుకువెళుతున్నాను. మర్నాడు ఉదయమే ఆయనను విశాఖలో ఆసుపత్రిలో చేర్చాలి. ఫిల్ములు వంగిపోకూడదని ఆ పెద్ద కవరును కిటికీ పక్కనున్న కొక్కేనికి తగిలించాను. తుని దాటాక కునుకు పట్టింది. అనకాపల్లి వచ్చిందని పక్కనున్న పెద్దావిడ తట్టి లేపితే, కంగారులో భుజం సంచీ ఒక్కటే అందుకుని దిగిపోయాను. ఆటోలో కూర్చున్నాక గానీ చేతిలో కవరు లేదని తెలియలేదు.

ఏం చేయాలో తోచని ఆ సమయంలోనే ఫోను మోగింది. కవరు మీద నాన్నగారి పేరు కింద రాసి ఉన్న నా నంబరు చూసి ఆవిడే చేశారు. "బాబూ, మీ ఎక్స్‌రే ఫొటోలు ఇక్కడే ఉండిపోయాయండీ. నేను దువ్వాడలో దిగిపోతాను. పెట్టె ఊడ్చే అబ్బాయికి ఇస్తున్నాను. వెనక్కి వచ్చేది ఈ బండే కదా, మీరక్కడే ఉండండి" అన్నారు. విశాఖలో ఇంజను మాత్రమే అటు నుంచి ఇటు మారుతుంది, పెట్టెల వరుస మారదు. కాబట్టి వెళ్లేటప్పుడు ముందువైపున్న మా పెట్టె వచ్చేటప్పుడు వెనకవైపు ఉంటుందని లెక్కగట్టుకుని ప్లాట్‌ఫాం ఆ చివరకు వెళ్లి నిలబడ్డాను. బండి పూర్తిగా ఆగకముందే తలుపు దగ్గర, ఫినాయిలు వాసన వేస్తున్న చేతులను దూరంగా చాపి, కవరును అంచులతో పట్టుకుని నిలబడ్డ కుర్రాడు కనిపించాడు. "వంచలేదండి" అన్న ఒక్క మాట అని అందించాడు. డబ్బు తీయబోతే తల అడ్డంగా ఊపాడు, అంతలో బండి కదిలింది. తరువాతి నెలల్లో రెండుసార్లు అతని కోసం అనకాపల్లి బెల్లం పట్టుకుని ఎక్కాను గానీ అతను మళ్లీ కనిపించలేదు.

2016 జనవరి 31న తునిలో ఆందోళనకారులు తగలబెట్టింది ఈ బండినే. వెళ్లిన బండి ఆ సాయంత్రం విజయవాడకు తిరిగి రాలేదన్న బాధ నాకు చాలాకాలం పోలేదు.

బెర్తు ఎక్కే పని లేదు, అర్ధరాత్రి దిగే బెంగ లేదు కనుక పెద్దవాళ్లకు ఇందులోని సెకండ్ సిటింగే మేలని ఒకప్పుడు అందరికీ చెప్పేవాడిని. ఆపరేషన్ అయ్యాక నాన్నగారిని విజయవాడ తీసుకువచ్చినప్పుడు, ముగ్గురేసి కూర్చునే ఆ వరుసలో ఆయన సామర్లకోట వరకు కూడా కాలు ముడిచి ఉంచలేకపోయారు. అప్పటి నుంచి ఆయనతో అయితే చైర్‌కారే తీసుకుంటున్నాను. అందులో అద్దాలు తెరుచుకోవు కనుక రాజమండ్రి దగ్గర వంతెన మీద గోదావరి గాలి తగలదని ఆయన ప్రతిసారీ నొచ్చుకుంటారు. బండి విశాఖ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది కాబట్టి, ఉదయమే డాక్టరును చూడవలసినవారు ముందురోజే బయలుదేరక తప్పదు. నాకు మధ్యలో అనకాపల్లిలో ఇల్లుంది కనుక ఆ ఇబ్బంది లేదు. సంక్రాంతి వారంలో మాత్రం రిజర్వేషన్ ఉన్నా నాన్నగారిని ఇందులో ఎక్కించను. ఒంటరిగా వెళ్లే రోజుల్లో నాకు వేరే బండి ఆలోచనే రాదు.