లివర్ బయాప్సీకి తిరుపతి ల్యాబ్: రిపోర్టు నమ్మొచ్చు, బ్లాక్ కోసే పద్ధతి మారాలి

తిరుపతిలోని ఒక ప్రైవేటు హిస్టోపాథాలజీ (శరీరం నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసే) ల్యాబు లివర్ బయాప్సీలను ఎలా చూస్తుందో, శాంపిల్ పంపేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నది.

రిపోర్టు మొదటి వరుసలోనే కోర్ (సూదితో తీసిన సన్నని లివర్ ముక్క) పొడవెంత, ఎన్ని ముక్కలుగా అందింది, పోర్టల్ ట్రాక్టులు (లివర్‌లో రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్లు) ఎన్ని అని రాస్తారు. దీనికే సగం మార్కులు వేయాలి. సేమ్యా పోగులా వచ్చే ఆ కోర్ మొత్తం లివర్‌లో దాదాపు 50,000వ వంతు. 16 గేజ్ సూదితో తీసిన 2 సెంటీమీటర్ల కోర్, అందులో కనీసం 11 ట్రాక్టులు ఉంటేనే ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చ కట్టడం) స్టేజి మీద నమ్మకం. పొట్టి ముక్కలో జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. అలాంటప్పుడు వీళ్లు మొహమాటపడకుండా 'శాంపిల్ చాలదు' అని రాసేస్తారు. కోర్ తునకలుగా అందితే ఆ మాటా రాస్తారు. సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడిన దశ) ఉన్న లివర్ చాలాసార్లు అలాగే విరిగి వస్తుంది.

డబ్బా వీళ్లే ఇస్తారు: వెడల్పు మూతి, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. చిత్తూరు నుంచి బస్సులో పంపినా ఇందులో ముక్క పాడవదు. సెలైన్‌లో వేసి పంపితే మాత్రం కణాల రూపమే చెడిపోతుంది. పొడి గాజుగుడ్డ మీద పెట్టి మరిచిపోతే అంచులు ఎండి, అక్కడ చదవడానికి ఏమీ మిగలదు. బఫర్ లేని పాత ఫార్మలిన్ వాడితే రక్తం ఉన్నచోట గోధుమరంగు రేణువులు పడతాయి. వాటిని ఐరన్ అని పొరబడే ప్రమాదముంది. పెర్ల్స్ స్టెయిన్ వేస్తే తేలిపోతుంది: ఐరన్ అయితే నీలం వస్తుంది, ఫార్మలిన్ రేణువుకు రాదు.

ఇక లోపం. ముక్కను మైనంలో పోసి చేసిన బ్లాకు నుంచి ముందు హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) స్లైడు ఒక్కటే కోస్తారు. ట్రైక్రోమ్ (మచ్చలోని కొలాజెన్‌ను చూపే స్టెయిన్), రెటిక్యులిన్ (కణాలకు ఆధారమైన సన్నని పోగులను చూపే స్టెయిన్) కావాలంటే బ్లాకును మళ్లీ మైక్రోటోమ్‌కు, అంటే పలచగా కోసే యంత్రానికి, ఎక్కిస్తారు. అప్పుడు బ్లాకు ముఖం మళ్లీ సమం చేయక తప్పదు. మిల్లీమీటరు అటూఇటూ మందమున్న కోర్‌లో ఆ ట్రిమ్మింగ్‌కే ఎంతో పోతుంది. ఒక్కోసారి ట్రైక్రోమ్ స్లైడు మీద రెండు ట్రాక్టులే మిగులుతాయి. మొదటిసారే 3–4 మైక్రాన్ల కోతలు వరుసగా పది స్లైడుల మీదికి తీసుకుని, కొన్నింటిని రంగు వేయకుండా దాచిపెడితే ఈ నష్టమే ఉండదు. లివర్‌కు ఈ రెండు స్టెయిన్లూ అదనపు హంగులు కావు. తీవ్రమైన హెపటైటిస్‌లో కణాలు చచ్చి కూలినచోట రెటిక్యులిన్ పోగులు దగ్గరపడి, హెచ్ అండ్ ఈ మీద అచ్చం ఫైబ్రోసిస్‌లాగే ఉంటాయి. ట్రైక్రోమ్‌లో ముదురు నీలం కొలాజెన్ కనబడితేనే అది పాత మచ్చ.

ల్యాబు ఈ పద్ధతి మార్చుకునేదాకా పంపేవాళ్లే ఫారం మీద 'ట్రైక్రోమ్, రెటిక్యులిన్, పెర్ల్స్ మొదటి కోతలోనే' అని రాయాలి. పక్కనే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు రక్తపరీక్ష), స్కాన్ వివరాలు, మద్యం అలవాటు, వాడిన మందులు, నాటు మందులతో సహా రాయండి. ఫారం ఖాళీగా వస్తే వీళ్లు ఫోన్ చేసి అడుగుతారు గానీ, ఆలోపు ఒకరోజు పోతుంది.