పండు పెట్టిన డిసెంబర్ కుకీలు: కుచిదాటి, కొలాచ్కి, లింజర్... ఏది మేలు?

డిసెంబర్‌లో అమెరికాలో ఆఫీసుల్లో, పిల్లల స్కూళ్లలో కుకీ ఎక్స్ఛేంజ్ (ఎవరింట్లో చేసినవి వాళ్లు తెచ్చి ఒకరికొకరు పంచుకోవడం) అంటే వచ్చే డబ్బాల్లో చాలావరకు చాక్లెట్ చిప్పే. పండు పెట్టి చేసినవి తెచ్చేవాళ్లు తక్కువ, ఎందుకు చెయ్యరూ అని అడిగితే అందరిదీ ఒకటే మాట, జామ్ ట్రే మీదకి కారిపోతుంది, మిగిలినవి రెండో రోజుకి మెత్తబడిపోతాయి అని. మాట నిజమే గానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? పండులో తడి ఉంటుంది, కాల్చిన పిండికి తడి అస్సలు పడదు, గొడవంతా అక్కడే. ఆ తడిని ఎవరెలా కట్టడి చేశారో చూస్తే మీకు ఏ కుకీ సరిపడుతుందో తేలిపోతుంది.

నేను పోల్చేది మూడు. ఒకటి ఇటలీలోని సిసిలీ వాళ్ల కుచిదాటి, ఎండు అంజీర్ ముద్దని పిండిలో చుట్టి కాలుస్తారు. రెండోది కొలాచ్కి, అమెరికాలో స్థిరపడ్డ పోలిష్ కుటుంబాలు చేసేది, చదరపు ముక్క మీద కాస్త జామ్ పెట్టి రెండు మూలలు మధ్యకి మడుస్తారు, చికాగో వైపు పోలిష్ బేకరీల్లో ఇవి లేకుండా క్రిస్మస్ ఉండదు. మూడోది ఆస్ట్రియా లింజర్, రెండు బాదం బిస్కెట్ల మధ్య ఎర్ర జామ్, పై బిస్కెట్‌కి చిల్లు, ఆ చిల్లులోంచి జామ్ మెరుస్తూ కనిపిస్తుంది. రుగలాహ్ అని యూదుల ఇళ్లలో చేసే చుట్ట కుకీ కూడా ఉంది గానీ దాని పిండి దాదాపు కొలాచ్కి పిండే, చుట్టే పద్ధతే వేరు, అందుకే విడిగా తీసుకోలేదు.

ముందు కుచిదాటి సంగతి, ఎందుకంటే నా ఓటు దానికే. ఇందులో పండు ముందే ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఓవెన్‌లో కారడానికి ఏమీ ఉండదు. మన కజ్జికాయ లాజిక్కే అనుకోండి, లోపల సరుకు పొడిగా ఉంది కాబట్టే డబ్బాలో రోజుల తరబడి నిలుస్తుంది. అర కేజీకి కాస్త తక్కువ ఎండు అంజీర్, వంద గ్రాములు ఖర్జూరం, అంతే కిస్‌మిస్, ఒక గుప్పెడు వేయించిన బాదం గానీ వాల్‌నట్స్ గానీ, ఒక ఆరెంజ్ తొక్క తురుము, తేనె రెండు చెంచాలు, దాల్చినచెక్క, కొంచెం లవంగం పొడి, అన్నీ వేసి ఆరెంజ్ జ్యూస్ చెంచా చెంచా పోస్తూ ముద్ద చెయ్యాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే అంజీర్ బ్లేడ్‌కి బంకలా పట్టేసి మోటార్ మూలుగుతుంది. ముద్ద చేత్తో పొడుగ్గా తాడులా చేస్తే విరక్కుండా నిలవాలి, చేతికి అంటుకుందంటే జ్యూస్ ఎక్కువైనట్టే. పిండి ఒత్తి, తాడు మధ్యలో పెట్టి చుట్టేసి, అతుకు కిందకి తిప్పి, రెండంగుళాల ముక్కలు కొయ్యడమే. చివర్లు తెరిచే ఉంటాయి, అయినా చుక్క కూడా బయటికి రాదు. 350 ఫారెన్‌హీట్‌లో అంటే 175 సెల్సియస్‌లో పావుగంట పైచిలుకు, అడుగు బంగారు రంగుకి రాగానే తీసెయ్యాలి.

తీసిన రోజు తింటే మాత్రం "ఇంతేనా" అనిపిస్తుంది, చెప్తున్నా. పిండి కాస్త గట్టిగా, మసాలా విడివిడిగా తగులుతుంది. రెండు మూడు రోజులు డబ్బాలో మూతపెట్టి ఉంచితే అంజీర్‌లో ఉన్న కొద్దిపాటి తేమ పిండిలోకి దిగి అదే మెత్తబడుతుంది, ఆరెంజ్ వాసన లోపలంతా పాకుతుంది, అంజీర్ గింజలు మాత్రం పంటి కింద కరకరలాడుతూనే ఉంటాయి. అంటే మిగతా రెండిట్లో తడి శత్రువు, ఇక్కడ అదే తడి పనికొస్తోంది. రెండు వారాలు హాయిగా ఉంటాయి, ఇంకో ఊళ్లో ఉన్న చెల్లికో స్నేహితురాలికో పోస్ట్‌లో పంపాలంటే ఇంతకన్నా మంచిది లేదు. పైన పంచదార పొడి ఐసింగ్, రంగురంగుల చక్కెర పూసలు వేస్తారు, అది సిసిలీ పద్ధతి, నాకు పూసలు పళ్ల మధ్య ఇరుక్కోవడం నచ్చదు గానీ పిల్లలు ముందు వాటినే చూస్తారు. ఒక్క మాట, బేకరీలో కొనేటప్పుడు శాకాహారులు అడిగి కొనండి, పాత పద్ధతిలో పిండికి పంది కొవ్వు వాడేవాళ్లు ఉన్నారు, ఫిల్లింగ్‌లో రమ్మో వైనో పోసేవాళ్లూ ఉన్నారు.

కొలాచ్కి దగ్గరకొస్తే రుచిలో, వేడివేడిగా తినేటప్పుడు, మిగతా రెండూ దీని ముందు దిగదుడుపే, ఒప్పుకోవాలి. పిండి లెక్క చాలా తేలిక, 226 గ్రాముల క్రీమ్ చీజ్, 226 గ్రాముల వెన్న, రెండు కప్పుల మైదా, చిటికెడు ఉప్పు, అంతే. గుడ్డు లేదు, పంచదార కూడా లేదు, అందుకే మన వాళ్లలో గుడ్డు తినని ఇళ్లకి కళ్లు మూసుకుని పంపొచ్చు. కాల్చాక పొరలు పొరలుగా, పుల్లపుల్లగా, పైన పంచదార పొడి మంచులా.

కానీ కారేదీ ఇదే, మూలలు విచ్చుకునేదీ ఇదే. సీసాలో మామూలు జామ్ వేడి తగలగానే నీరైపోతుంది, బుడగలొచ్చి పొంగి ట్రే మీద పడి మాడుతుంది. రెండు దార్లు ఉన్నాయి: షాపులో పేస్ట్రీ ఫిల్లింగ్ అని వేరే డబ్బాలు అమ్ముతారు, అది చిక్కగా ఉండి వేడికి కదలదు, లేదంటే ఎండు ఆప్రికాట్లు నీళ్లలో ఉడికించి పంచదార వేసి మెత్తగా రుబ్బి మళ్లీ స్టవ్ మీద దగ్గరకి రానివ్వండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత పూడకుండా రెండు క్షణాలు అలాగే ఉండాలి, అప్పుడు దించండి. పూర్తిగా చల్లారాకే వాడాలి. ఒక్కో ముక్కకి అర టీస్పూన్, ఒక్క చుక్క ఎక్కువ వద్దు, ఆశపడితే మూలలు తెరుచుకుంటాయి. మడిచే చోట నీళ్ల చుక్క రాసి వేలితో కింద ట్రే తగిలేదాకా నొక్కండి, తర్వాత ట్రేతో సహా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు 375 ఫారెన్‌హీట్, అంటే 190 సెల్సియస్ ఓవెన్‌లోకి. ఇంతా చేసి రెండో రోజు సాయంత్రానికి పొరలు మెత్తబడతాయి. కాల్చకుండా ఫ్రీజర్‌లో పెట్టుకుని చుట్టాలొచ్చిన పూట కాల్చుకోవడమే దీనికి సరైన పద్ధతి.

లింజర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫొటోకి దీన్ని మించింది లేదు. లింజ్ ఊరి టార్ట్ నుంచి వచ్చింది, ఆ టార్ట్ ఎలా చెయ్యాలో రాసిన రాతప్రతి 1653 నాటిది దొరికింది, అంటే మూడున్నర శతాబ్దాల పైమాటే. ఇక్కడ కిటుకేంటంటే బిస్కెట్లు వట్టివే కాల్చి, జామ్ తర్వాత పెడతారు, పండు ఓవెన్ మొహమే చూడదు, కారే ప్రశ్నే రాదు. ఆస్ట్రియాలో రెడ్ కరెంట్ అనే చిన్న పుల్లటి ఎర్ర పండ్ల జామ్ వాడతారు, పులుపు ఉండాలి, మన స్ట్రాబెర్రీ జామ్ పెడితే తీపి మీద తీపి అయిపోతుంది, రాస్ప్‌బెర్రీ అయితే పర్లేదు. వట్టి బిస్కెట్లు వారాలు ఆగుతాయి, జామ్ పెట్టిన మర్నాటి నుంచి మాత్రం మెత్తబడటం మొదలు. కాబట్టి పార్టీ రోజు పొద్దున్నే జత చెయ్యాలి, పై ముక్కల మీద పంచదార పొడి ముందే చల్లేసుకుని, లేకపోతే చిల్లులో జామ్ మీద కూడా పడి ఆ మెరుపంతా పోతుంది. పిండి సన్నగా ఒత్తడం, చిల్లులు కొయ్యడం, వేడికి పిండి లూజైతే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం, ఇంట్లో చిన్న పిల్లలుంటే ఓపిక కావాలి బాబూ.

మరి ఇండియాలో చేసేవాళ్లకి? గుంటూరు, కృష్ణా వైపు క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు చేసే ఇళ్లకి ఈ కుకీల అవసరం ఏముంది అనొచ్చు, చెయ్యాలని సరదా ఉంటే మాత్రం కొలాచ్కి దగ్గరే కాస్త ఇబ్బంది. డబ్బాల్లో వచ్చే రొట్టె మీద రాసుకునే క్రీమ్ చీజ్ మెత్తగా ఉంటుంది, పిండి జారుగా వస్తుంది, గట్టి బ్లాక్ దొరికితేనే దిగండి, ధర కూడా ఎక్కువే. లింజర్‌కి వైజాగ్, కాకినాడ గాలిలో తేమ పగ, జామ్ పెట్టకముందే మెత్తబడతాయి. కుచిదాటికి కావలసినవన్నీ హైదరాబాద్ బేగంబజార్‌లో ఏ డ్రైఫ్రూట్ షాపులోనైనా ఉంటాయి, గుడ్డు వద్దనుకుంటే పిండి పాలతో కలపండి, కాస్త గుల్లగా వస్తుంది గానీ చుట్టడానికి వస్తుంది. చిన్న ఓటీజీలో పైరాడ్ దగ్గరగా ఉండి పైన తొందరగా ఎర్రబడుతుంది, ట్రే కింది అరలో పెట్టుకుని సగంలో ఓసారి తిప్పండి. ఐసింగ్ మాత్రం తినే రోజే వెయ్యండి, ఇంట్లో మిక్సీ పట్టిన పంచదార పొడిలో కార్న్‌ఫ్లోర్ ఉండదు కదా, డబ్బాలో రెండ్రోజులుంటే జిగురుగా అయిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి.