షార్జా ప్రయాణాలకు ఫారెక్స్ కార్డు: కొన్నేళ్లు వాడాక నా లెక్క

ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకుని అక్కడ ఖర్చు పెట్టుకునే కార్డు, మంచిదే, కానీ బ్యాంకులో చెప్పినంత మంచిది కాదు. మా బిడ్డ, అల్లుడు యూఏఈలోని షార్జాలో ఉంటారు. హన్మకొండ నుంచి వాళ్ల దగ్గరికి వెళ్లొస్తూ ఈ కార్డును కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకసారి బ్యాంకాక్‌కూ తీసుకెళ్లాను. జేబులో దానితోపాటు నోట్లు, క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు కూడా ఉండేవి కాబట్టి ఏది డబ్బు మిగిల్చిందో, ఏది మింగిందో నాకు బాగానే తెలిసింది. ఐదుకు మూడు మార్కులు వేస్తాను. ఆ పోయిన రెండూ ఎందుకు పోయాయో చెప్తాను.

ముందు నోట్ల సంగతి, ఎందుకంటే అసలు మతలబు అక్కడే అర్థమవుతుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. వాళ్లు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి మన దగ్గర దిర్హమ్‌లకు పెద్దగా కరువుండదు. నేను అడిగిన ప్రతి దుకాణంలోనూ ‘కమీషన్ లేదు’ అన్నారు. నిజమే, కమీషన్ అని విడిగా తీసుకోరు, రేటులోనే కలిపేస్తారు. దాన్ని పట్టుకోవడం చాలా తేలిక. యూఏఈ తన దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంచింది. ఆ అంకె కదలదు. కాబట్టి ఆ రోజు డాలరు ధరను 3.6725తో భాగిస్తే దిర్హమ్ అసలు ధర వచ్చేస్తుంది. డాలరు రూ.90 అనుకుందాం, అప్పుడు దిర్హమ్ సుమారు రూ.24.50. దుకాణంలో రూ.25.20 అంటే ఒక్కో దిర్హమ్ మీద 70 పైసలు వాళ్లవి. మూడు వేల దిర్హమ్‌లకు అది రూ.2,100.

అందుకే నేను రేటు అడగడం మానేశాను. “మూడు వేల దిర్హమ్‌లు నా చేతుల వెట్టాలంటే అన్నీ కలిపి ఎన్ని రూపాయలు కట్టాలె?” అని అడుగుతాను. ఈ ప్రశ్నకు ఒక దుకాణంలో కుర్రాడు క్యాలిక్యులేటర్ తీసి, అంకె కొట్టి, నా మొహం చూసి, ఇంకోసారి కొట్టాడు. రెండో అంకె మొదటిదానికన్నా తక్కువ! మాట్లాడుకుంటే పైసలు తగ్గుతాయి, మార్కెట్‌లో కూరగాయలు బేరమాడినట్టే. జీఎస్టీ గురించి మాత్రం టెన్షన్ అవసరం లేదు. లక్ష లోపు మార్పిడికి మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని దాని మీదే 18 శాతం వేస్తారు. రూ.75,000కు రూ.135 అవుతుంది. ఇంతకన్నా చాలా ఎక్కువ అడిగితే బిల్లు చూపించమనండి. ఎలాగూ బిల్లు తీసుకోవాలి. రూ.50,000, ఆపైన అయితే నగదుగా కట్టించుకోకూడదు, ఖాతా నుంచే పంపాలి. తెలిసినవాళ్ల దగ్గర చేతులు మార్చుకోవడం మన దగ్గర మామూలే కానీ చట్టం ఒప్పుకోదు. రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న దుకాణంలోనే మార్చుకోవాలి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కౌంటర్ గురించి ఒక్క మాట: అత్యవసరమైతే తప్ప వద్దు.

ఇక కార్డు. దీని అసలు బలం ఏంటంటే, నింపిన రోజు రేటే చివరిదాకా ఉంటుంది. రూపాయి పడినా మన ఖర్చు పెరగదు. ఒకసారి మేం వెళ్లేసరికి రూపాయి బాగా పడింది, మా అల్లుడు “మామా, మీరు ముందే నింపుకున్నరు, నయమైంది” అన్నాడు. రూపాయి పెరిగిన ఇంకో ఏడాది ఆ మాట ఎవరూ అనలేదు. అంటే ఇది చవక బేరమేమీ కాదు, బడ్జెట్ ముందే తెలుస్తుంది, అంతే. యాప్‌లో బ్యాలెన్స్ కనిపిస్తుంది, పోతే వెంటనే బ్లాక్ చేయొచ్చు. నాకు కిట్‌లో రెండో కార్డు కూడా ఇచ్చారు. అది మా ఆవిడ పర్సులో ఉంటుంది. రెండూ ఒకే పర్సులో పెట్టుకుంటే రెండోది ఇచ్చి లాభం లేదు కదా.

ఒక మార్కు పోయింది ఇక్కడ: కార్డులో ఏ కరెన్సీ నింపామో అదే ఖర్చు పెట్టాలి. డాలర్లు నింపి దుబాయ్‌లో గీస్తే ప్రతి గీతకూ కరెన్సీ మార్పిడి చార్జీ పడుతుంది, సాధారణంగా మూడున్నర శాతం దాకా. డాలర్, దిర్హమ్ ఒకదానికొకటి కట్టేసే ఉన్నాయి కదా అంటే కుదరదు. కార్డుకు రెండూ వేర్వేరు పర్సులు. మా బ్యాంకు కౌంటర్‌లో “సార్, డాలర్ అయితే అన్ని దేశాల్లో నడుస్తది” అన్నారు. నడుస్తుంది, మన ఖర్చు మీద! గల్ఫ్‌కు పోయేవాళ్లు దిర్హమ్‌లే, లేదా రియాల్‌లే నింపమని గట్టిగా చెప్పాలి.

రెండో మార్కు పోయింది మిగిలిన డబ్బు దగ్గర. తిరిగొచ్చాక కార్డులోని దిర్హమ్‌లను రూపాయలు చేయమంటే వాళ్లు కొనే రేటు వేరు, అమ్మిన రేటు వేరు. ఆ తేడా మనమే భరించాలి. పైగా ఫారం నింపి, బ్రాంచికి వెళ్లి, మళ్లీ ఫోన్ చేసి గుర్తు చేస్తే గానీ ఖాతాలో పడలేదు. ఇప్పుడు అవసరమనుకున్న దాంట్లో మూడొంతులే నింపుతాను. తక్కువైతే క్రెడిట్ కార్డు ఉండనే ఉంది.

క్రెడిట్ కార్డు మీద చాలామందికి భయం. ఆ భయంలో సగం నిజం. మామూలు కార్డులకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ (బ్యాంకు వేసుకునే అదనపు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల ఖర్చుకు రూ.3,500, ఆపైన రూ.630, వెరసి రూ.4,130 ఉట్టిపుణ్యానికి పోతుంది. కానీ మార్కప్ తక్కువున్నవి, అసలే లేనివి కూడా మార్కెట్‌లో ఉన్నాయి. అలాంటిది ఒకటి తీసుకున్నాక నా ఫారెక్స్ కార్డు వాడకం సగానికి పడిపోయింది. హోటల్ అయితే క్రెడిట్ కార్డే. చెక్‌ఇన్‌లో డిపాజిట్ కోసం కొంత మొత్తం ఆపి ఉంచుతారు. ఫారెక్స్ కార్డు ఇస్తే అది మన సొంత డబ్బు, గది ఖాళీ చేశాక కూడా వెనక్కి వచ్చేసరికి రోజులు పడుతుంది. ఒకసారి అల్లుడి ఫ్లాట్‌లో చుట్టాలు నిండిపోయి మేం దుబాయ్‌లో హోటల్ తీసుకున్నప్పుడు ఇదంతా చూశాను. గదికి రాత్రికి ఇంత అని టూరిజం దిర్హమ్ కూడా వేస్తారు, హోటల్ స్థాయిని బట్టి 7 నుంచి 20 దాకా. ఆన్‌లైన్‌లో కట్టిన ధరలో అది లేదు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకండి. ఫీజు వేరు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

ఏ కార్డు గీసినా ఒక్కచోట కళ్లు తెరుచుకుని ఉండాలి. దుబాయ్‌లోని కరామాలో ఒక సూపర్‌మార్కెట్. కార్డు పెట్టగానే మెషీన్ స్క్రీన్ మీద రెండు అంకెలు, ఒకటి దిర్హమ్‌లలో, ఇంకోటి రూపాయల్లో. కౌంటర్‌లోని అబ్బాయి మేం ఇండియావాళ్లమని చూసి, సాయం చేస్తున్నట్టే, రూపాయల మీద నొక్కబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. రూపాయల్లో కడితే ఆ మార్పిడి మన బ్యాంకు రేటుకు జరగదు, మెషీన్‌వాళ్ల రేటుకు జరుగుతుంది. అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. దానిమీద మన బ్యాంకు కూడా ఇంకో చార్జీ వేయొచ్చు. ఏ దేశంలో ఉంటే ఆ దేశం కరెన్సీలోనే కట్టాలి. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడా మార్పిడి వద్దనే నొక్కాలి.

ఇంకో సంగతి. 2020 అక్టోబర్ నుంచి మన దేశంలో కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ వాడకం మూసే ఉంటుంది, మనమే యాప్‌లో తెరవాలి. నేను దుకాణం మెషీన్‌కు, ఏటీఎంకు తెరిచి, ఆన్‌లైన్‌ది మూసే ఉంచుతాను. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబరు ఎవరికైనా చిక్కితే అంతే సంగతులు. ఊరికి రాగానే ఆ రెండూ మూసేస్తాను.

నోట్లు అవసరం లేదనుకోకండి. దుబాయ్‌లో దేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ (సముద్రపు పాయ) దాటించే పాత అబ్రా పడవకు ఒక్క దిర్హమ్, అదీ చేతికే ఇవ్వాలి. కఫెటేరియాలో కరక్ చాయ్‌కి కార్డు తీస్తే మనకే సిగ్గు. చిన్న నోట్లు, ఐదులూ పదులూ, ఇక్కడే అడిగి తీసుకుంటాను. దుకాణంవాళ్లు వందలూ ఐదువందలూ ఇచ్చి వదిలించుకోవాలని చూస్తారు. యూపీఐ దుబాయ్‌లో కొన్ని దుకాణాల్లో నడుస్తోంది, మా ఆవిడకు అది భలే నచ్చింది. అయితే దాన్నే నమ్ముకుని వెళ్లలేం.

బ్యాంకాక్‌లో లెక్క తిరగబడింది. అక్కడి కరెన్సీ భాట్‌ను ఇక్కడ కొనడం దండగ, డాలర్లే తీసుకెళ్లాలి, అదీ వంద డాలర్ల నోట్లు, మడతలు, మరకలు లేనివి. అక్కడి మారకం దుకాణాల్లో చిన్న నోటుకు తక్కువ రేటు, పెద్ద నోటుకు ఎక్కువ రేటు అని బోర్డు మీదే రాసుంటుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో పై అంతస్తుల కౌంటర్లు వదిలేసి, అడుగున రైలెక్కే చోటికి దిగితే రేటు బాగుంది. ఏటీఎం జోలికి మాత్రం పోలేదు. విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 220 భాట్‌లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, ఆపైన మన బ్యాంకు చార్జీ.

మిగిలిన నోట్లను రెండు వేల డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించితే 180 రోజుల్లోగా మార్చేయాలి. మళ్లీ వెళ్లేవాళ్లకు మార్చడం వృథా, మావి బీరువాలోనే ఉన్నాయి. చిల్లర నాణేలు మాత్రం ఇక్కడ ఎవరూ తీసుకోరు. మా బిడ్డ దగ్గర వదిలేసి వస్తాను. ఏడాదికి పది లక్షలు దాటితే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) అంటారు గానీ, మా ప్రయాణాలు ఆ దరిదాపులకు కూడా పోవు.

నా ఫారెక్స్ కార్డు గడువు దగ్గర పడింది. మళ్లీ తీసుకుంటాను, వేరే బ్యాంకులో, మిగిలిన డబ్బు యాప్‌లోంచే వెనక్కి తీసుకునే వీలుంటేనే. లేదంటే మార్కప్ లేని క్రెడిట్ కార్డు, వెయ్యి దిర్హమ్‌ల విలువైన నోట్లు, ఈ రెండింటితోనే వచ్చే సంక్రాంతికి ఫ్లైట్ ఎక్కుతాం.